రోడ్డు పందేలే బతుకుతెరువు



మోటారు సైకిలు పందేల కథ ఆడవాళ్ళ కార్యక్రమంలో ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. వీధిలో కుర్రాళ్ళు చెవులు చిల్లులు పడేలా బండ్లు తోలుకుంటూ పోతుంటే "వీళ్ళ తల్లులు ఇంట్లో ఎలా ఉంటున్నారో పాపం" అనుకుని మన పనిలో మనం పడతాం. ఇవాళ నేను చెప్పబోయేది ఆ మాటకు సంబంధించిన చరిత్రే. బండి వేగంగా తోలడం సరదాకి కాక వృత్తిగా పెట్టుకుని, 1969 నుంచి 2000 దాకా ముప్ఫై యేళ్ళకు పైగా అందులోనే ఉండిపోయిన మనిషి ఒకాయన. భార్య, అయిదుగురు పిల్లలు, ఊళ్ళో ఒక చిన్న బారు, బండ్లు విప్పి బిగించుకునే ఒక షెడ్డు. ఇదీ ఆయన సంసారం.

పేరు జోయీ డన్‌లప్. ఊరు ఉత్తర ఐర్లండులోని బాలీమనీ. డన్‌లప్ అనగానే మనకు టైర్లు గుర్తుకొస్తాయి. ఆ డన్‌లప్ వేరు సుమండీ. ఆయన పశువుల డాక్టరు. ఆయన కూడా ఉత్తర ఐర్లండులోనే, బెల్‌ఫాస్టు పట్టణంలో ఉంటూ, తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపులు లేకుండా నడవాలని గాలి టైరు తయారుచేసి 1888లో పేటెంటు తీసుకున్నాడు. మన జోయీ మాత్రం ఒక మెకానిక్కు కొడుకు. 1952 ఫిబ్రవరి 25న పుట్టాడు. ఇంటినిండా పిల్లలు. నాన్న చేతిలో రెంచీలు, పానాలు చూస్తూ పెరిగినవాడు గనక ఇంజను విప్పడం, బిగించడం చిన్నప్పుడే వంటపట్టింది. 1969లో, పదిహేడో యేట, మఘాబెరీ అనే చోట వాడకంలో లేని విమానాల బాట మీద మొదటి పందెం వేశాడు. మన మద్రాసు దగ్గర షోళవరంలో కూడా ఒకప్పుడు ఇలాగే విమానాల బాట మీద మోటారు పందేలు జరిగేవి. జోయీ ఆనాడు తోలినది చిన్న ట్రయంఫ్ బండి. ఇంజను 200 సి.సి. లోపే.

ముందు ఈ పందేలలో ఉన్న తేడా చెప్పాలి, లేకపోతే తర్వాత కథ బోధపడదు. మోటారు సైకిలు పందేలలో రెండు తరహాలున్నాయి. ఒకటి ప్రత్యేకంగా కట్టిన బాట మీద జరిగేది. అక్కడ బండి జారితే మనిషి దొర్లుకుంటూ పోవడానికి ఖాళీ జాగా ఉంటుంది, ఇసకో గడ్డో ఉంటుంది. రెండోది రోడ్డు పందెం. మనం కూరగాయలకు వెళ్ళే రోడ్డు, పిల్లలు బడికి వెళ్ళే రోడ్డు, దాన్నే కాసేపు మూసేసి అక్కడే పందెం పెడతారు. ఒక పక్క రాతిగోడ, ఒక పక్క దీపస్తంభం, ఇంకాస్త ముందుకు పోతే చర్చి ప్రహరీ, ఎవరి ఇంటి గుమ్మమో. వాటి మధ్యనుంచి గంటకు నూట యాభై, రెండు వందల కిలోమీటర్ల వేగంతో పోవాలి. స్తంభాలకు గడ్డిమోపుల వంటివి కట్టేవారనుకోండి. ఆ వేగానికి గడ్డిమోపు ఏమాత్రం అడ్డు పడుతుంది?

ఇలాంటి పందేల్లో అన్నిటికన్నా పేరున్నది మాన్ దీవిలో జరిగే టూరిస్టు ట్రోఫీ. క్లుప్తంగా టి.టి. అంటారు. ఇంగ్లండుకూ ఐర్లండుకూ మధ్య సముద్రంలో ఉన్న చిన్న దీవి అది. దానికి సొంత శాసనసభ ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో బండ్లు గంటకు ఇరవై మైళ్ళు మించి పోకూడదని చట్టం. పందేల కోసం రోడ్లు మూయడానికీ వీల్లేదు. ఈ దీవి శాసనసభ 1904లో పందేలకు రోడ్లు మూయడానికి అనుమతి ఇచ్చింది. 1907లో మోటారు సైకిళ్ళ టి.టి. మొదలైంది, 1911 నుంచి కొండ మీదుగా పోయే పెద్ద చుట్టు మొదలుపెట్టారు. ఆ చుట్టు పొడవు 37 మైళ్ళ ముప్పాతిక, అంటే 60 కిలోమీటర్ల పైమాట. మలుపులు రెండు వందలకు పైనే. సముద్రం ఒడ్డున ఎండ కాస్తుంటే కొండ మీద మంచు కమ్మి ఉంటుంది. ఇన్ని మలుపులూ, ఏ మలుపు తర్వాత ఏ గొయ్యి ఉందో, ఏ చెట్టు నీడలో రోడ్డు తడి ఆరదో, అన్నీ కంఠతా రావాలి. అందరినీ ఒక్కసారి వదలరు. పది సెకన్లకొకరి చొప్పున వదిలి, ఎవరికి ఎంతసేపు పట్టిందో గడియారంతో లెక్కకడతారు. ఆ బాట మీద పోయిన ప్రాణాలు ఇప్పటికి 250 పైమాటే.

జోయీ మాన్ దీవికి మొదటిసారి వెళ్ళింది 1976లో. 1977లోనే ఒక పందెం గెలిచాడు. అప్పటికి అతనికి పెళ్ళయి అయిదేళ్ళు. భార్య పేరు లిండా. 1972లో పెళ్ళయింది. బండికి, విడిభాగాలకు, పెట్రోలుకు డబ్బు కావాలి కదా. రవాణా వ్యాపారం చేసుకునే జాన్ రే అనే పెద్దమనిషి జోయీ పనితనం చూసి బండ్లు కొనిపెట్టాడు. ఇప్పటి కుర్రాళ్ళు జోనాథన్ రే అని చెప్పుకునే, 2015 నుంచి 2020 దాకా వరసగా ఆరుసార్లు ప్రపంచ సూపర్‌బైక్ విజేత అయినతను ఈ పెద్దమనిషికి మనవడే.

ఆ రోజుల్లో ఆర్మాయ్ అనే ఊరి చుట్టుపక్కల నలుగురు కుర్రాళ్ళు జట్టుగా తిరిగేవాళ్ళు. జోయీ, అతని తమ్ముడు జిమ్, సోదరి భర్త మెర్విన్ రాబిన్సన్, స్నేహితుడు ఫ్రాంక్ కెనడీ. జనం వీళ్ళకు "ఆర్మాయ్ ఆర్మడా" అని పేరు పెట్టారు. ఆర్మడా అంటే యుద్ధనౌకల దండు. వీళ్ళకు పోటీగా ద్రొమారా ఊరి జట్టు మరొకటి. ఆదివారాలు చర్చికి వెళ్ళి, శనివారాలు పందేలకు వెళ్ళే పల్లెటూరి జనానికి ఇంతకు మించిన వేడుకేం కావాలి?

1979 మే నెలలో నార్త్ వెస్ట్ 200 అనే పందెంలో ఫ్రాంక్ కెనడీ పడిపోయాడు. కొన్ని నెలలు మంచాన ఉండి పోయాడు. మరుసటి యేడు, 1980 మే నెలలో, అదే పందెంలో మెర్విన్ రాబిన్సన్ పోయాడు. ఇద్దరూ పోయింది ఒకే రోడ్డు మీద. మెర్విన్ అంటే జోయీకి ఇంటల్లుడు వరస, బావ. పందేల దారి చూపించినవాడు కూడా ఆయనే. ఒక్క యేడాది తిరిగేసరికి నలుగురిలో ఇద్దరు లేరు.

ఇక చాలు, మానేస్తానన్నాడట జోయీ. మన ఇళ్ళల్లో అయితే ఇంటిల్లిపాదీ ఆ బండిని అమ్మించేవరకూ నిద్రపోం. కాని కొద్ది వారాల్లోనే మాన్ దీవి పందేలు వచ్చాయి. అతను వెళ్ళాడు. ఆ పందెం సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. జాన్ రే ఇచ్చిన యమహా బండికి మాటిమాటికీ ఆగకుండా పెద్ద పెట్రోలు టాంకు బిగించారు. దారిలో ఆ టాంకును పట్టి ఉంచే పట్టీ తెగిపోయింది. నిండు బిందెను చంకన పెట్టుకుని కొండ ఎక్కినట్టు, టాంకును మోకాళ్ళతో అదిమి పట్టుకుని ఆ అరవై కిలోమీటర్ల చుట్టు మళ్ళీ మళ్ళీ తిరిగాడు. హోండా కంపెనీ బండి మీద వచ్చిన మిక్ గ్రాంట్‌ని ఓడించాడు. గంటకు 115.22 మైళ్ళ సగటు వేగంతో, అంటే 185 కిలోమీటర్లతో, కొత్త రికార్డు పెట్టాడు. బావ పోయిన నెలలోగా జరిగిన సంగతి ఇది. దుఃఖంలో మనిషి పనిలోకి దిగడం మనకు తెలియనిదేం కాదు. పదకొండోనాడు అయీ కాకముందే పొయ్యి వెలిగించిన ఇల్లాళ్ళు మనలో ఎంతమంది లేరు! కాని ఏ పని మనిషిని మింగిందో ఆ పనిలోకే దిగడమనేది నాకు మింగుడుపడని సంగతి. నచ్చిందని అనలేను.

ఈ గెలుపుతో హోండా కంపెనీ దృష్టి జోయీ మీద పడింది. 1981లో అతన్ని తమ జట్టులో చేర్చుకుంది. కంపెనీకి ఇందులో లాభమేమిటని అడుగుతారేమో. హోండా కంపెనీ పెట్టిన సోయిచిరో హోండా 1954లోనే, మా బండ్లు మాన్ దీవి పందెంలో నెగ్గాలి అని ప్రకటించాడు. జపాను బండ్లంటే పడమటి దేశాలవాళ్ళకు చులకనగా ఉన్న కాలం అది. 1959లో మొదటిసారి వచ్చి 125 సి.సి. తరగతిలో జట్టు బహుమతి పట్టుకుపోయారు. ఆ బాట మీద నిలబడిన బండిని ప్రపంచంలో ఎక్కడైనా అమ్ముకోవచ్చు అన్నమాట. మన ఇళ్ళ ముందు నిలబడే బండ్లకు ఆ పేరు రావడం వెనక ఇలాంటి మనుషుల కష్టం ఉంది.

జోయీ ఆ వ్యాపారానికి తగ్గ మనిషి కాదు. పత్రికలవాళ్ళు వస్తే తప్పించుకునేవాడు. మాట్లాడినా గొణుగుడే. ఆ పల్లెయాసకు ఇంగ్లండువాళ్ళు తలలు గోక్కునేవారు. జుట్టు దువ్వుకోడు. చేతిలో సిగరెట్టు ఆరదు. కంపెనీవాళ్ళు ముస్తాబు చేసిన బండి ఇస్తే దాన్ని తన షెడ్డుకు పట్టుకుపోయి మళ్ళీ విప్పి తన చేతులతో బిగించుకునేవాడు. ప్రపంచ విజేత అయ్యాక కూడా ఊరు మారలేదు. శకునాల పట్టింపు మాత్రం మన బామ్మలకేమీ తీసిపోదు. లోపల ఎర్ర చొక్కా, తలకు పసుపుపచ్చ హెల్మెట్, బండికి మూడో నంబరు. ఇవి ఉంటే అతనికి స్థిమితం.

1982 నుంచి 1986 దాకా వరసగా అయిదుసార్లు టి.టి. ఫార్ములా వన్ ప్రపంచ విజేత. మాన్ దీవిలో ఆ తరగతి పందెం 1983 నుంచి 1988 దాకా ఆరేళ్ళూ అతనిదే. 1985లో ఒక్క వారంలో మూడు పందేలు, 1988లో మళ్ళీ మూడు. 1986లో బ్రిటిషు ప్రభుత్వం ఎం.బి.ఇ. బిరుదిచ్చింది. ఇన్ని లెక్కలు వరసగా చదివితే విసుగే. 1985 యేడు పందేలకు ముందు ఏమైందో చెబుతాను. కొందరు పందెగాళ్ళతో కలిసి ఒక చేపల పడవలో రాత్రిపూట మాన్ దీవికి బయల్దేరాడు జోయీ. పెద్ద ఓడలో పోవచ్చుగా అంటే, వాళ్ళకు అదే అలవాటు. స్ట్రాంగ్‌ఫర్డ్ అనే సముద్రపు పాయ దాటకముందే పడవ మునిగింది. ప్రాణరక్షణ పడవ వచ్చి అందరినీ బతికించింది. అడుగుకు చేరిన మోటారు సైకిళ్ళను తర్వాత ఈతగాళ్ళు దిగి పైకి తీశారు. నీళ్ళల్లోంచి తేలిన మనిషి, వెళ్ళి మూడు పందేలు గెలిచి ఇంటికొచ్చాడు.

ఇక్కడ కాసేపు ఇంట్లోవాళ్ళ సంగతి. మాన్ దీవి పందెం మొదలయ్యే చోట ఆ రోజుల్లో పెద్ద నల్లబల్లలు ఉండేవి. ఒక్కొక్క పందెగాడి పేరుకు ఒక గడియారం వంటిది. అతను ఏ ఊరు దాటాడో టెలిఫోను మీద కబురొస్తే స్కౌటు పిల్లలు ముల్లు జరిపేవారు. మనిషి చుట్టు పూర్తిచేసి దగ్గరకొచ్చాడంటే ఆ పేరు దగ్గర దీపం వెలిగేది. ఒక్క చుట్టుకు సుమారు ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ అక్కడ కూర్చున్న భార్యలకు మొగుడు కనపడడు, ఆ ముల్లే కనపడుతుంది. ముల్లు జరగకపోతే? దీపం వెలగవలసిన వేళకు వెలగకపోతే? బండి చెడి ఎక్కడో గోడ పక్కన కూర్చుని టీ తాగుతున్నాడో, మరేమైందో తెలిసేదాకా ఆగాలి. అందరూ చప్పట్లు కొట్టే చోట ఆ బల్లకేసి చూస్తూ కూర్చోవడం కూడా ఈ వృత్తిలో భాగమేనని నా ఉద్దేశం. దానికి జీతమూ లేదు, కప్పులూ లేవు.

ఆడవాళ్ళు చూడటమేనా, తోలలేదా అని మీరడగవచ్చు. తోలారు. 1962లో బెరిల్ స్వెయిన్ అనే ఆవిడ 50 సి.సి. బండి మీద ఒంటరిగా టి.టి. పందెంలో పాల్గొని 22వ స్థానంలో ముగించింది. పెద్దలు మెచ్చుకోవడానికి బదులు పందెగాళ్ళకు ఇంత బరువుండాలని నియమం తెచ్చి ఆవిడ లైసెన్సు తీసేసుకున్నారు. మళ్ళీ ఒక ఆడమనిషి, హిల్లరీ మసన్, ఆ బాట మీదికి వచ్చింది 1978లోనే. 2009లో కారలిన్ సెల్స్ అనే ఆవిడ అదే బాట మీద జరిగే మాంక్స్ గ్రాండ్ ప్రీలో ఒక తరగతి గెలిచింది. నూరేళ్ళకు దగ్గరగా పట్టిందన్నమాట ఆ బాట మీద ఒక ఆడమనిషి గెలవడానికి.

మళ్ళీ జోయీ దగ్గరకు. 1989లో గుడ్‌ఫ్రైడే నాడు ఇంగ్లండులో బ్రాండ్స్ హాచ్ అనే చోట మరో పందెగాడి బండి తగిలి పడిపోయాడు. అది గోడలూ స్తంభాలూ ఉన్న రోడ్డు కాదు, ప్రత్యేకంగా కట్టిన బాట. ముప్పు ఎక్కడుంటుందో చెప్పలేం. కాలు విరిగింది. ఆ యేడు టి.టి.కి వెళ్ళలేదు. వయసు ముప్ఫై ఏడు. ఇంక అతని పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. పెద్ద బండ్లను అదుపుచేసే బలం తిరిగి రావడానికి చాలాకాలం పట్టింది. అప్పుడు జోయీ చేసిన తెలివైన పని, చిన్న బండ్లకు మళ్ళడం. 125 సి.సి., 250 సి.సి. బండ్లు. బలం కన్నా ఒడుపు కావాలి వాటికి. 1992లో, నలభయ్యో యేట, 125 తరగతి గెలిచి మైక్ హెయిల్‌వుడ్ పద్నాలుగు గెలుపుల రికార్డును అందుకున్నాడు. 1993లో దాటాడు.

ఈ హెయిల్‌వుడ్ పేరు వచ్చింది గనక ఒక మాట చెప్పి ముందుకు పోతాను. మోటారు సైకిలు ఎక్కినవాళ్ళలో అంతటివాడు లేడని పెద్దలు చెప్పే మనిషి. తొమ్మిదిసార్లు ప్రపంచ విజేత. మాన్ దీవి బాట అతన్ని ఏమీ చేయలేదు. 1981 మార్చిలో పిల్లల్ని కారులో కూర్చోబెట్టుకుని రాత్రి భోజనానికి వేయించిన చేపలు కొనుక్కురావడానికి బయల్దేరాడు. తిరగకూడని చోట అడ్డంగా తిరిగిన లారీని గుద్దుకుని అతనూ పోయాడు, తొమ్మిదేళ్ళ కూతురూ పోయింది.

జోయీ మాత్రం గెలుస్తూనే ఉన్నాడు. 1994లో రెండు, 1995లో రెండు, 1996లో రెండు, 1997లో ఒకటి. 1998లో టి.టి.కి కొద్ది వారాల ముందు టాండ్రగీ పందెంలో పడి చెయ్యి, మెడ దగ్గరి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఒక వేలి చివర పోయింది. ఆ ఒంటితోనే మాన్ దీవికి వెళ్ళాడు. 250 సి.సి. పందెం రోజున కుండపోత వాన. ఈ వానకు పందెం మధ్యలోనే ముగిస్తారని లెక్కవేసి, మిగతావాళ్ళు పెట్రోలు పోయించుకోవడానికి ఆగితే తను ఆగకుండా పోయాడు. అతను అనుకున్నట్టే పందెం కుదించారు. గెలుపు అతనిది. చేతిలో బలం లేకపోయినా ఆకాశం చూసి లెక్కవేసే అనుభవం ఉంది గదా.

అదే వారం అతని తమ్ముడు రాబర్టు 125 పందెం గెలిచాడు. రాబర్టుది మరీ విడ్డూరమైన కథ. 1994లో పందెం మధ్యలో వెనక చక్రం విరిగిపోయి గోడకు కొట్టుకున్నాడు. కుడిచెయ్యి, కాలు దెబ్బతిన్నాయి. కుడిచేత్తో ముందు బ్రేకు పట్టలేడు. అంచేత ఆ బ్రేకును ఎడమవైపుకు మార్చి బొటనవేలితో నొక్కేలా అమర్చుకుని మళ్ళీ పందేలకు దిగాడు. మానెయ్యమంటే మానే వంశం కాదది.

ఇప్పుడు చెప్పేది పందేలతో సంబంధం లేని సంగతి. నాకు మాత్రం ఇదే ముఖ్యంగా తోస్తుంది. రుమేనియా దేశంలో 1966లో చౌషెస్కు ప్రభుత్వం జనాభా పెంచాలని గర్భస్రావాన్ని దాదాపుగా నిషేధించింది. నలుగురు పిల్లల్ని కన్నవాళ్ళు, నలభై అయిదు దాటినవాళ్ళు వంటి కొద్దిమందికి తప్ప మినహాయింపు లేదు. ఇంట్లో తిండి లేదు, కనక తప్పదు. ఫలితం ఏమైందో మీరే ఊహించుకోవచ్చు. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలిపోయి లోకం లోపలికి తొంగిచూసేసరికి, లక్షకు పైగా పిల్లలు ఆశ్రమాల్లో ఉన్నారు. ఒక్కొక్క గదిలో వరసగా ఇనుప ఉయ్యాలలు. ఎత్తుకునేవాళ్ళు లేక ఏడవడం కూడా మానేసిన పిల్లలు.

జోయీ ఆ ఆశ్రమాలకు బయల్దేరాడు. మోటారు సైకిళ్ళు తీసుకుపోయే వ్యానులోనే ఊరివాళ్ళిచ్చిన బట్టలు, తిండి సామాను నింపుకుని, యూరప్ ఖండం ఈ చివరినుంచి ఆ చివరికి తనే తోలుకుంటూ పోయేవాడు. పందేలు లేని నెలల్లో చేసిన ప్రయాణాలివి. రుమేనియాకు వెళ్ళాడు, యుద్ధంతో చితికిన బోస్నియాకు వెళ్ళాడు, అల్బేనియాకు వెళ్ళాడు. వెంట ఫొటోలు తీసేవాళ్ళు లేరు. 1996లో ప్రభుత్వం ఈ సేవకు ఓ.బి.ఇ. బిరుదిచ్చింది. పందేల గొడవలో ఇంటికి దూరంగా ఉండే మనిషి, ఖాళీ దొరికిన కాలం కూడా ఇలా గడిపితే భార్య ఏమనాలి? మంచి పని గనక ఏమీ అనలేదు. అనకపోవడం కూడా తేలికైన సంగతి కాదు. బారు, పిల్లలు, ఇల్లు చూసుకోవడానికి ఒక మనిషి ఉండబట్టే వ్యాను కదిలింది.

2000 సంవత్సరం. జోయీ వయసు నలభై ఎనిమిది. అతని ఈడువాళ్ళు కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేసి కళ్ళజోళ్ళు వెతుక్కునే వయసు. మాన్ దీవిలో పెద్ద బండ్ల ఫార్ములా వన్ పందెం గెలిచాడు. పన్నెండేళ్ళ తర్వాత ఆ పందెం మళ్ళీ గెలవడం అది. ఆపైన 250 గెలిచాడు, 125 గెలిచాడు. ఒకే వారంలో మూడు గెలవడం అతనికి మూడోసారి. మొత్తం ఇరవై ఆరు. చివరి సీనియర్ పందెంలో మూడో స్థానమే వచ్చినా, అందులోనే తన జీవితంలోకెల్లా వేగమైన చుట్టు తిరిగాడు. గంటకు 123.87 మైళ్ళు. చాలామందికి ఇక్కడ ఒకటే అనిపించింది, ఇప్పుడు మానేస్తే ఎంత బాగుండునని.

అతను నెల తిరక్కుండానే ఎస్టోనియా దేశానికి వెళ్ళాడు. పెద్ద పందెమేమీ కాదు. టాలిన్ పట్టణం పక్కన చెట్ల మధ్యనుంచి పోయే రోడ్డు మీద జరిగే పందెం. అక్కడి మనుషులంటే అతనికి ఇష్టం. జూలై 2న రెండు పందేలు గెలిచాడు. మూడోది 125. వాన పడుతోంది. అందులోనూ అందరికన్నా ముందున్నాడు. తడిరోడ్డు మీద బండి జారి చెట్లకు కొట్టుకుంది. అక్కడికక్కడే పోయాడు.

ఉత్తర ఐర్లండులో 1960ల చివరినుంచి ముప్ఫై యేళ్ళపాటు కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య సాగిన గొడవల్లో సుమారు మూడున్నర వేలమంది పోయారని పత్రికల్లో చదివే ఉంటారు. 1998లో ఒప్పందం కుదిరినా, 2000 జూలై మొదటి వారంలో ఊరేగింపుల తగాదా మళ్ళీ రోడ్లకెక్కింది. ఆ వారంలోనే, జూలై 7న, జోయీ అంత్యక్రియలు. బాలీమనీ దగ్గర గారీడఫ్ అనే పల్లెలో చిన్న చర్చి. యాభైవేలమంది వచ్చారు. రెండు మతాలవాళ్ళూ వచ్చారు. పొలాల మధ్య సన్నని దారి వెంట మోటారు సైకిళ్ళు బారులు తీరాయి. టెలివిజనులో ప్రత్యక్షంగా చూపించారు. రోడ్డు పందెం చూడవచ్చిన జనం గోడ పక్కన నిలబడినప్పుడు పక్కనున్నది ఏ మతమో అడిగే అలవాటు ఎన్నడూ లేదు. ఆ రోజునా అలాగే నిలబడ్డారు. మాన్ దీవిలో కొండ మీద బండి ఎక్కి కూర్చున్నట్టు జోయీ విగ్రహం పెట్టారు. పందెపు బాటలో ఇరవై ఆరో మైలురాయి దగ్గరి చోటికి అతని పేరే పెట్టారు.

కుటుంబం కథ అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. తమ్ముడు రాబర్టు 2008 మే 15న నార్త్ వెస్ట్ 200 సాధనలో పడి పోయాడు. బావ మెర్విన్‌ని మింగిన పందెమే అది. రెండు రోజుల తర్వాత, మే 17న, రాబర్టు కొడుకులు విలియమ్, మైకేల్ ఇద్దరూ పందెం బాట మీదికి వచ్చారు. ఇంట్లో తండ్రి శవం. పెద్దలు వద్దన్నారు. విలియమ్ బండి మొదట్లోనే చెడింది. మైకేల్ ఆ పందెం గెలిచి ఏడుస్తూ కూలబడ్డాడు. అప్పటికి అతనికి ఇంకా ఇరవై యేళ్ళు రాలేదు. గెలిచాడని మెచ్చుకున్నవాళ్ళు కోకొల్లలు. నేను మాత్రం వాళ్ళమ్మ గురించి ఆలోచించాను. పదేళ్ళ తర్వాత 2018 జూలైలో, స్కెరీస్ అనే ఊరి పందెం సాధనలో విలియమ్ కూడా పోయాడు. భర్తనూ కొడుకునూ రోడ్డుకే ఇచ్చిన తల్లి ఆవిడ.

మైకేల్ మానలేదు. 2024 జూన్‌లో మాన్ దీవిలో ఒక పందెం గెలిచి పెదనాన్న ఇరవై ఆరు గెలుపుల లెక్కను అందుకున్నాడు. తర్వాతి పందెంలో అందరికన్నా ముందు పోతుండగా పెట్రోలు పోయించుకున్నాక హెల్మెట్ అద్దం సరిగ్గా బిగుసుకోక, ఆగి సర్దుకోవలసి వచ్చి ఆ గెలుపు చేజారింది. కొద్ది రోజుల్లోనే చిన్న బండ్ల తరగతిలో ఇరవై ఏడోది గెలిచాడు. 2025 పందేలు ముగిసేసరికి అతని లెక్క ముప్ఫై మూడు.